జాంజిబార్‌లో ఏనుగు చెట్టు నీడన

గోల్కొండ కోటను ఆనుకొని ఉన్న నయా ఖిలాను చూసినవారికి అక్కడి 'హాథియాఁ కా ఝాడ్' జ్ఞాపకముండే ఉంటుంది. ఏనుగు చర్మంలా ముడతలు పడిన బూడిదరంగు బెరడు, 27 మీటర్ల చుట్టుకొలత గల బోదె, పైభాగాన మనుషులు దాగేంత తొర్ర. మా చిన్నతనంలో అబ్బా మమ్మల్ని కర్నూలు నుంచి హైదరాబాదుకు తీసుకువెళ్లినప్పుడు ఆ చెట్టును తొలిసారి చూశాం. పిల్లలమంతా చేతులు కలుపుకొని నిలబడినా దాని బోదెను చుట్టలేకపోయాం. "ఇది మన నేలలో పుట్టిన చెట్టు కాదు బేటా, సముద్రం దాటి హబ్షీల దేశం నుంచి వచ్చింది" అన్నారు అబ్బా. కుతుబ్‌షాహీల కాలంలో ఆఫ్రికా, అరబ్బు వర్తకుల ద్వారా అది గోల్కొండకు చేరిందని పెద్దలు చెబుతారు. ప్రపంచం దానిని బావోబాబ్ అని పిలుస్తుంది.

ఆ చెట్టును దాని స్వస్థలంలో చూసే అవకాశం మాకు జూలై నెలలో లభించింది. మా తమ్ముడు టాంజానియా దేశంలోని దారెస్సలాం నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. అతని పిలుపు మీద మేమూ, మా శ్రీమతీ, పిల్లలిద్దరూ బయలుదేరాం. అయితే మా ప్రయాణానికి వినోదంతో పాటు మరొక పని కూడా తోడయింది.

మా అమ్మీకి మూత్రపిండాలు చెడిపోయి రెండేళ్లు దాటింది. వారానికి రెండుసార్లు డయాలసిస్ జరగాలి. ఇంట్లో కొబ్బరినీళ్లు, అరటిపండు, బత్తాయి రసం ఆమెకు నిషిద్ధం. కూరగాయలను సైతం ఉడికించి, ఆ నీటిని వంపివేసి వండాలి. మేము లేనన్నాళ్లూ ఆమె బాధ్యతను మా ఆపా తీసుకుంది. బయలుదేరే ముందురోజు రాత్రి ఆపా తన ఫోనులో ఒక వీడియో చూపింది. ఆఫ్రికాలోని ఒక మహావృక్షపు పండ్ల పొడి మూత్రపిండాలలోని విషాన్ని కడిగివేస్తుందనీ, మధుమేహం మాత్రలను సైతం మాన్పిస్తుందనీ అందులో ఎవరో గట్టిగా చెబుతున్నారు. తెరమీద కనబడిన చెట్టు మా చిన్ననాటి ఏనుగు చెట్టే. "రెండు కిలోలు తప్పక తెండి" అంది ఆపా. అమ్మీ అప్పుడేమీ మాట్లాడలేదు. మరునాడు గుమ్మం దాటుతుండగా మాత్రం చెయ్యి పట్టుకొని, "దొరికితే తీసుకురా బేటా. ఆ మిషన్‌తో నా ప్రాణం విసిగిపోయింది" అంది.

ముంబయి మీదుగా దారెస్సలాం చేరుకొని, రెండు రోజుల తరువాత మా తమ్మునితో కలసి ఓడ ఎక్కాం. సుమారు రెండు గంటల ప్రయాణం తరువాత జాంజిబార్ తీరం కనిపించింది. పగడపురాతి గోడల తెల్లని భవనాలు, చెక్కడపు పనితనం గల పెద్ద పెద్ద తలుపులు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగవలసినంత ఇరుకు సందులు. స్టోన్ టౌన్ అని పిలిచే ఈ పాతపట్నాన్ని యునెస్కో 2000 సంవత్సరంలో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. అరబ్బు, భారత, ఆఫ్రికా వర్తకులు శతాబ్దాల పాటు కలసిమెలసి జీవించిన రేవు ఇది. లవంగాల సువాసనతో పాటు బానిసల వ్యాపారపు చేదు జ్ఞాపకం కూడా ఈ పట్టణాన్ని అంటిపెట్టుకొని ఉంది. ఇక్కడి బానిసల సంత 1873లో మూతపడింది.

దీవి జనాభాలో అత్యధికులు ముస్లిములు. అసర్ వేళకు ఒక మస్జిద్ అజాన్ ముగియకముందే మరొక మస్జిద్ అజాన్ మొదలవుతుంటే పరాయి దేశంలో ఉన్నామన్న భావనే కలుగలేదు. భాష స్వాహిలీ అయినా చెవికి పరిచితమైన మాటలు ఎన్నో తగిలాయి. టీని 'చాయ్' అంటారు. అంగడిని 'దుకా' అంటారు. మందును 'దవా' అంటారు. మన ఇళ్లలో నిత్యం వాడే దవా అన్న అరబ్బీ మాట సముద్రానికి ఆవలి ఒడ్డున కూడా అదే అర్థంతో వినబడడం మా పిల్లలకు ఎంతో ముచ్చటగా తోచింది.

మా తమ్ముని సహోద్యోగి కుటుంబం మమ్మల్ని తమ ఇంట్లోనే ఉంచుకుంది. ఆ ఇంటి పెద్దావిడను అందరూ 'బీబీ' అని పిలుస్తారు. స్వాహిలీలో అమ్మమ్మనూ నాయనమ్మనూ అలాగే పిలుస్తారట. పెద్దలను 'షికమూ' అని పలకరించాలనీ, వారు 'మరహబా' అని బదులిస్తారనీ మా పిల్లలకు మొదటి గంటలోనే నేర్పింది.

మరునాడు దీవికి దక్షిణపు కొసన ఉన్న కిజిమ్‌కాజి గ్రామానికి వెళ్లాం. అక్కడి ప్రాచీన మస్జిద్‌లో కూఫీ లిపిలో చెక్కిన శాసనం హిజ్రీ 500, అంటే క్రీ.శ. 1107 నాటిది. తూర్పు ఆఫ్రికా తీరంలో ఇస్లాం ఎంత పూర్వమే వేళ్లూనుకుందో ఆ శిలాక్షరాలు తెలియజేస్తాయి. అక్కడ జుహర్ నమాజు చేసుకున్నాం. వెళ్లే దారిలోనూ, ఊళ్ల అంచులలోనూ బావోబాబ్‌లు కనబడుతూనే ఉన్నాయి. అది వానలు లేని కాలం గనుక ఒక్క ఆకు కూడా లేదు. బరువైన బోదె మీద పొట్టి కొమ్మలు ఆకాశంలోకి చాచిన వేళ్లలా ఉన్నాయి. చెట్టును ఎవరో పెరికి తలకిందులుగా నాటారన్న కథ ఆఫ్రికా అంతటా ఎందుకు వ్యాపించిందో చూడగానే అర్థమయింది. మోడువారిన ఆ కొమ్మలకు పొడవాటి తొడిమలతో, ముఖమలు వంటి నూగు కప్పిన కాయలు వేలాడుతున్నాయి.

బావోబాబ్ జాతిలో ఎనిమిది రకాలున్నాయి. ఆరు మడగాస్కర్ దీవిలో, ఒకటి ఆస్ట్రేలియాలో మాత్రమే పుడతాయి. ఆఫ్రికా ఖండమంతటా కనిపించేదీ, గోల్కొండకు వచ్చినదీ ఎనిమిదవది. దీని తెల్లని పువ్వులు సాయంకాలం విచ్చుకొని మరునాటికే వాడిపోతాయి. రాత్రివేళ గబ్బిలాలు వచ్చి పరాగాన్ని చేరవేస్తాయి. స్పంజి వంటి మెత్తని బోదెలో నీరు నిలువ ఉంటుంది గనుక నెలల తరబడి వాన లేకున్నా చెట్టు బతుకుతుంది. నార కోసం బెరడును వలిచినా మళ్లీ బెరడు కడుతుంది. సూడాన్‌లోని కొర్దొఫాన్ ప్రాంతంలో ప్రజలు తొలిచిన బోదెలలో వాననీటిని నింపి, వేసవికి దాచుకొనేవారు.

ప్రసిద్ధ యాత్రికుడు ఇబ్న్ బతూతా 1352లో సహారా ఎడారిని దాటి మాలీ రాజ్యానికి వెళ్తూ ఇటువంటి వృక్షాలను చూశాడు. ఒక్క చెట్టు నీడలో ఒక బిడారమంతా విశ్రమించగలదని ఆయన వర్ణించాడు. తొర్రలో నిలిచిన వాననీటిని జనం తాగడమూ, మరొక తొర్రలో ఒక నేతగాడు మగ్గం పెట్టుకొని బట్ట నేయడమూ ఆయన యాత్రాగ్రంథంలో కనిపిస్తాయి. అవి బావోబాబ్‌లేనని పండితుల భావన. దాదాపు నాలుగు వందల ఏళ్ల తరువాత, 1749లో, మిషెల్ ఆడన్‌సన్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు సెనెగల్‌కు వచ్చి ఈ చెట్టును శ్రద్ధగా పరిశీలించాడు. శాస్త్రలోకం ఈ వృక్షానికి ఆయన పేరే పెట్టింది. అక్కడి ఎండలకూ జ్వరాలకూ ఈ పండు పానీయాన్ని ఆయన స్వయంగా సేవించాడు.

ఇంతటి సృష్టిని చూచినప్పుడు నోట సుబ్‌హానల్లాహ్ అన్న మాట తప్ప మరొకటి రాదు. కానీ మా మనసు మాత్రం కొమ్మలకు వేలాడే ఆ కాయల చుట్టే తిరుగుతోంది. అమ్మీకి ఇవి మందవుతాయా?

స్వాహిలీలో చెట్టును 'మ్‌బుయు' అనీ, పండును 'ఉబుయు' అనీ అంటారు. ఆ సాయంత్రం బీబీ ఒక కాయను రాతిమీద కొట్టి పగులగొట్టింది. తడి గుజ్జు ఉంటుందనుకున్న మాకు ఆశ్చర్యం కలిగింది. లోపల తెల్లని, పొడిపొడిగా ఉన్న సుద్దముక్కల వంటి గుజ్జు, ఎర్రని నార, నల్లని గింజలు ఉన్నాయి. చెట్టుమీదే ఎండిపోయే పండు ఇది. నోట వేసుకుంటే చింతపండు పులుపు, దానిలో చిన్న తీపి. బీబీ ఆ గుజ్జును కాచి చల్లార్చిన నీటిలో నానబెట్టి, పిసికి, వడగట్టి, చక్కెర కలిపి పానీయం చేసి ఇచ్చింది. పిల్లలు రెండేసి గ్లాసులు తాగారు. గింజలను చక్కెర పాకంలో, ఎర్రరంగులో, ఏలకులతో ఉడికించి అమ్మే మిఠాయిని కూడా ఉబుయు అనే అంటారు. ఆ వీధి పిల్లలందరి పెదవులూ దానితో ఎర్రబారి ఉన్నాయి. పడమటి ఆఫ్రికాలో ఈ చెట్టు లేత ఆకులను కూరగా వండుకుంటారు. ఎండిన ఆకుల పొడిని పులుసులలో కలుపుకుంటారు. కరువు కాలంలో ఎన్నో గ్రామాలకు ఈ చెట్టు అన్నం పెట్టింది.

ఆ రాత్రే మా చిన్నవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. తీరప్రాంతపు ఎండో, బజారులో తిన్న చిరుతిండో కారణమై ఉంటుంది. నీళ్ల విరేచనాలకు ఉబుయు పానీయం ఇవ్వడం ఆఫ్రికాలో తరతరాల ఆచారమని మేము అప్పటికే విని ఉన్నాం. బీబీ లేచి వచ్చి బిడ్డ నాలుకను చూసింది, పొట్టమీది చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలింది. తరువాత అలమరలోంచి ఓఆర్‌ఎస్ పొట్లం తీసి, లీటరు నీటిలో కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా తాగించసాగింది. "ఉబుయు ఇవ్వరా బీబీ?" అని అడిగాం. ఆమె నవ్వింది. "తగ్గిన తరువాత ఇస్తాను, ఇష్టపడి తాగుతాడు. ఇప్పుడు వీడికి కావలసింది ఉప్పూ నీరూ. ఉబుయులో ఉప్పు ఎంతో, చక్కెర ఎంతో నేను కొలవగలనా? ఈ పొట్లంలో కొలిచే పెట్టారు" అంది. జ్వరం కూడా వస్తే తెల్లవారగానే రక్తపరీక్ష చేయించాలనీ, మలేరియా ఉన్న దేశంలో బెరడు కషాయంతో కాలం గడపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమేననీ హెచ్చరించింది. అల్‌హమ్దులిల్లాహ్, ఉదయానికి బిడ్డ తేరుకున్నాడు. తన అమ్మమ్మ కాలం నుంచీ ఈ పండును తిన్న మనిషి దాని హద్దును ఎరిగి ఉండడం మమ్మల్ని ఆలోచింపజేసింది.

అయినా ఆశ ఊరుకోదు. మరునాడు మా తమ్ముని వెంటబెట్టుకొని దరజానీ బజారుకు వెళ్లాం. చేపలు, సుగంధద్రవ్యాలు, పండ్లు, బట్టలు ఒకేచోట దొరికే నూరేళ్లు దాటిన బజారు అది. దానికి వెళ్లే దారిలో, యాత్రికుల కోసం అలంకరించిన ఒక అంగడిలో బావోబాబ్ పొడి పొట్లాలు కనిపించాయి. పొట్లం మీద పెద్ద జాబితా ఉంది. మధుమేహం, రక్తపోటు, కీళ్లనొప్పులు, మూత్రపిండాలు, సంతానలేమి! అంగడివాడు మమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎన్ని కావాలో మాత్రం అడిగాడు. రెండు కిలోలు కొన్నాం.

తిరిగి వస్తుండగా, బజారు వెనుక సందులో మూలికలు అమ్మే ఒక వృద్ధుడు కనిపించాడు. తెల్లని కుర్తా, తలమీద కుట్టుపని టోపీ, ఎదుట బుట్టలలో బెరళ్లు, వేళ్లు, గింజలు. ఆ బుట్టలలో ఒకదానిలో ఉబుయు కూడా ఉంది. మా చేతిలోని సంచీ సరైన సరుకేనా అని ఆయన చేత చూపించుకోవాలనిపించింది. మా తమ్ముడు ఆయనను 'మ్‌జే' అని, అంటే పెద్దాయనా అని, గౌరవంగా సంబోధించి విషయం చెప్పాడు. ఆయన పొడిని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "మంచిదే" అన్నాడు. తరువాత తలెత్తి మమ్మల్ని చూసి అడిగాడు:

"ఎవరి కోసం?"

"మా అమ్మ కోసం" అన్నాం.

"ఆమెకు ఏం జబ్బు? ఇంకా ఏ దవా వాడుతోంది?"

మా తమ్ముడు మూత్రపిండాల సంగతీ, డయాలసిస్ సంగతీ వివరించాడు. పెద్దాయన చేతిలోని పొడిని తిరిగి సంచీలో పోసి, చేతులు దులుపుకొని, "హపానా" అన్నాడు. వద్దు అని దాని అర్థం. "నా తండ్రి ఈ పని చేశాడు, ఆయన తండ్రీ చేశాడు. కడుపుకు ఏమివ్వాలో, దగ్గుకు ఏమివ్వాలో మాకు తెలుసు. రక్తాన్ని మిషన్‌తో కడిగే మనిషికి ఏమివ్వాలో మా తాతలు చూడలేదు. తెలియనిది ఇచ్చి రేపు అల్లాహ్ ఎదుట ఏం జవాబు చెప్పను? ఆమె డాక్టరునే అడగండి" అన్నాడు. అమ్ముకునే బుట్టలు ఎదుట పెట్టుకొని కూర్చున్న మనిషి చెప్పిన మాట అది.

ఆ సాయంత్రమే కర్నూలులో అమ్మీని చూసే డాక్టరు గారికి ఫోను చేశాం. ఆయన విషయం వినీ వినగానే, "ఇంకా ఇవ్వలేదు కదా?" అని ఆదుర్దాగా అడిగారు. తరువాత నెమ్మదిగా వివరించారు. ఆయన చెప్పినదీ, అటుపై మేము తెలుసుకొన్నదీ పాఠకుల మేలు కోరి ఇక్కడ పొందుపరుస్తున్నాం.

బావోబాబ్ గుజ్జులో విటమిన్ సి, సున్నం, పీచు, పొటాషియం సమృద్ధిగా ఉన్నాయి. విటమిన్ సి కొన్ని విశ్లేషణలలో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాముల దాకా తేలింది. నారింజలో అది 50 మిల్లీగ్రాముల ప్రాంతం. అయితే చెట్టును బట్టి, నిలువ చేసిన తీరును బట్టి ఈ అంకె ఎంతో మారుతుంది. పొటాషియం పలు విశ్లేషణలలో 100 గ్రాములకు 1,000 మిల్లీగ్రాములు దాటింది. అరటిపండులో ఉండేది 350 ప్రాంతం. ఆరోగ్యవంతునికి ఇది మేలే. అతని మూత్రపిండాలు అదనపు పొటాషియాన్ని బయటికి పంపివేస్తాయి. మూత్రపిండాలు పనిచేయనివారిలో అది రక్తంలోనే పేరుకొని గుండె లయను తప్పిస్తుంది. ముందస్తు హెచ్చరిక లేకుండానే గుండె ఆగిపోవచ్చు. అరటిపండును మాన్పించిన డాక్టరు ఈ పొడిని ఎలా అనుమతిస్తారు? విటమిన్ సి కూడా మోతాదు మించితే శరీరంలో ఆక్జలేట్‌గా మారుతుంది. చెడిన మూత్రపిండాలకు అదొక అదనపు భారం. మా అమ్మీ రక్తాన్ని శుభ్రం చేస్తుందని చెప్పిన పొడిలోనే ఆమె ప్రాణానికి ముప్పు దాగి ఉన్నది.

మధుమేహం సంగతి చూద్దాం. బావోబాబ్ పొడి కలిపిన రొట్టె తిన్న తరువాత రక్తంలో చక్కెర పెరుగుదల కొంత తగ్గినట్టు చిన్న పరిశోధనలు ఉన్నాయి. అవి కొద్దిమంది ఆరోగ్యవంతుల మీద జరిగినవి. వాటిని చూపి మధుమేహ రోగి మాత్రలు మానడం తన కాళ్లను, కళ్లను పణంగా పెట్టడమే. ఇక ఎర్రని ఉబుయు మిఠాయిలో ఉన్నది ప్రధానంగా చక్కెరా రంగే. మధుమేహులు దానికి దూరంగా ఉండాలి. గుజ్జులో పీచు అధికం గనుక ఒకేసారి ఎక్కువగా తింటే కడుపు ఉబ్బరిస్తుంది. క్రమం తప్పక మందులు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా ఏ పొడినీ అలవాటు చేసుకోకూడదు. గింజల నుంచి తీసే నూనెను చర్మానికి రాసుకుంటారు. శుద్ధి చేయని ఆ నూనెలో హాని చేయగల కొవ్వు ఆమ్లాలు ఉంటాయి గనుక దానిని వంటకు వాడరాదు. గర్భిణులకూ పసిపిల్లలకూ బెరడు కషాయాల వంటివి సొంత నిర్ణయంతో ఇవ్వరాదు.

ఈ పండు గుజ్జును ఐరోపా సమాఖ్య 2008లో అనుమతించింది. మరుసటి సంవత్సరం అమెరికా ఆహార, ఔషధ సంస్థ కూడా పానీయాలలోనూ, పండ్ల చిరుతిళ్లలోనూ పరిమితంగా కలపడానికి అభ్యంతరం లేదని తెలిపింది. అమ్మకందారులు ఈ అనుమతులనే చూపించి మందు అంటున్నారు. ఆ రెండు అనుమతులూ ఆహార పదార్థంగా ఇచ్చినవి. ఏ రోగాన్నయినా నయం చేస్తుందని ఆ సంస్థలు చెప్పలేదు.

చెట్ల నుంచి మందులు రావని ఎవరూ అనరు. నేడు మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ ఒక మొక్క నుంచే వచ్చింది. దానిని వెలికితీసిన చైనా శాస్త్రవేత్త తు యూయూకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. కానీ ఆ మొక్క మందు కావడానికి దానిలో పనిచేసే పదార్థమేదో తేల్చారు, మోతాదు నిర్ణయించారు, రోగులకిచ్చి పరీక్షించారు. ఆ దారి అంతా నడవని పొడికి ఆ పేరు పెట్టడం అన్యాయం.

అల్లాహ్ ఏ వ్యాధినీ దాని నివారణ లేకుండా దింపలేదని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఈ హదీసు మన ఇళ్లలో అందరికీ తెలుసు. మూలికలు అమ్మే ప్రతివారూ దీనినే చెబుతారు. దీనితో కలిపి చదువుకోవలసినవి మరి రెండు ఉన్నాయి. వ్యాధికి తగిన మందు సరిగా పడినప్పుడే అల్లాహ్ ఆజ్ఞతో స్వస్థత కలుగుతుందన్నది సహీహ్ ముస్లింలోని హదీసు సారాంశం. వైద్యం ఎరుగకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడన్నది అబూ దావూద్‌లోని మరొక హదీసు సారాంశం. జాంజిబార్ సందులో కూర్చున్న ఆ పెద్దాయన ఈ రెండింటినీ ఎరిగి ప్రవర్తించాడు. ఫోనులో వచ్చిన వీడియోను క్షణంలో పదిమందికి పంపించే మనం కూడా ఒక విధంగా వైద్యానికి పూనుకున్నవారమే కదా!

కొన్న పొడిని మా తమ్ముని ఇంట్లోనే వదిలివేశాం. అతని ఇంట్లో అందరూ ఆరోగ్యవంతులు, పానీయం చేసుకొని తాగుతారు. అమ్మీ ఉన్న ఇంట్లోకి దానిని తీసుకువెళ్లకూడదని నిశ్చయించుకున్నాం. బీబీ మా పిల్లలకు ఒక కాయ డిప్పను శుభ్రంగా తుడిచి కానుకగా ఇచ్చింది. ఆ దీవిలో అటువంటి డిప్పలను చిన్న పాత్రలుగా వాడుకుంటారు.

కర్నూలు చేరిన రాత్రి అమ్మీ మంచం పక్కన కూర్చొని జరిగినదంతా చెప్పాం. ఆమె ముఖంలో ఆశ కొండెక్కడం చూడవలసి వచ్చింది. ఆ క్షణం మాకు రాళ్లు మోసినంత బరువనిపించింది. చాలాసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగింది:

"ఆ ముసలాయనకు నేను ఎవరో తెలియదు కదా?"

"తెలియదు అమ్మీ."

"అయినా ఎవరి కోసం అని అడిగాడా?"

"అడిగాడు."

"అడక్కుండా అమ్ముకుంటే ఆయనకు నాలుగు డబ్బులు వచ్చేవి. అల్లాహ్ ఆయనకు బర్కత్ ఇవ్వాలి. నేను తహజ్జుద్‌లో ఆయన కోసం దుఆ చేస్తాను" అంది అమ్మీ.

ఆపా ఆ రాత్రే ఫోను తీసింది. ఆ వీడియోను తాను ఎవరెవరికి పంపిందో ఒక్కొక్కరికీ ఫోను చేసి, నమ్మవద్దని చెప్పింది. పక్కవీధిలోని ఒక ఇంట మధుమేహంతో బాధపడే పెద్దావిడ అప్పటికే మాత్రలు తగ్గించుకొని, పొడి కోసం ఎదురుచూస్తోందని తెలిసింది. ఆపా మరునాడు స్వయంగా వెళ్లి ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లింది.

ప్రియమైన పాఠకులారా! మీ ఇంటికి ఎవరైనా ఒక మూలికనో, పొడినో, తైలాన్నో దివ్యౌషధమని తెచ్చినప్పుడు ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నలను మీరూ అడగండి. ఎవరి కోసం? ఏ జబ్బుకు? ఇంకా ఏ మందులు వాడుతున్నారు? ఈ మూడింటికీ జవాబు వినకుండా ఇచ్చేవాడు ఎంత మంచి మాటలు చెప్పినా, వైద్యుని అనుమతి లేకుండా దానిని రోగి నోటికి చేర్చకండి. ఆరోగ్యవంతులైతే బావోబాబ్ పానీయాన్ని హాయిగా తాగవచ్చు. అల్లాహ్ ప్రసాదించిన రుచికరమైన ఆహారమది.

శనివారం అమ్మీని మామూలుగానే డయాలసిస్‌కు తీసుకువెళ్లాం. జాంజిబార్ నుంచి తెచ్చిన కాయ డిప్పలో ఆమె తన తస్బీహ్ పెట్టుకొని వెంట తెచ్చుకుంది. నాలుగు గంటలు ఆ మిషన్ పక్కన పడుకొని పూసలు తిప్పుతూనే ఉంది. అల్లాహ్ రోగులందరికీ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! తెలియనిదానిని తెలియదని చెప్పగల ధైర్యాన్ని మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.